కొండ పైనుంచి వెళ్లిపోవచ్చుగా?

పోయిన ఏడాది జులైలో అమ్మానాన్నల్ని అలాస్కా క్రూయిజ్‌కి తీసుకెళ్లాం. సియాటెల్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లకి ఇదో ఆనవాయితీ అయిపోయింది, ఇంటి నుంచి పెద్దవాళ్లు వస్తే ఆ ఎండాకాలంలో ఓసారి ఓడ ఎక్కించాల్సిందే. కెచికాన్‌లో ఓడ ఆగిన రోజు, నీళ్ల మీద దిగే చిన్న విమానంలో మిస్టీ ఫియర్డ్స్ అనే చోటు చూపించి తీసుకొస్తారు. అందరికీ కలిపి ముందే డబ్బు కట్టేశాను, ఎంతో చెప్పను, అమ్మ ఇది చదువుతుంది. తీరా పొద్దున ఎనిమిదింటికి రేవు దగ్గరికి వెళ్తే, రబ్బరు బూట్లు వేసుకున్న పైలట్ అమ్మాయి వచ్చి, ఇప్పుడు ఎగరం, మధ్యాహ్నం చూద్దాం, కాకపోతే డబ్బు వెనక్కిచ్చేస్తాం అని చెప్పి వెళ్లిపోయింది.

నాన్న తలెత్తి చూశారు. వాన లేదు. గాలి లేదు. ఎదురుగా కొండ సగం దాకా శుభ్రంగా కనిపిస్తోంది, ఆ పైన బూడిద రంగు మబ్బు.

"అదేంట్రా, కొండ కనపడుతూనే ఉందిగా. పైకెక్కి దాటేస్తే పోలా?"

నాన్న విశాఖ పోర్టులో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు, డాల్ఫిన్స్ నోస్ మీద మబ్బు చూసి సాయంత్రం గొడుగు పట్టుకెళ్లాలో వద్దో చెప్పే మనిషి. వాతావరణం గురించి ఇంకొకరు చెబితే ఊరికే ఒప్పుకోరు. నేనేమో రెండేళ్ల క్రితం వారాంతాల్లో నేర్చుకుని ప్రైవేటు పైలట్ లైసెన్సు తెచ్చుకున్నవాణ్ని, నా విమాన విద్య గురించి ఇంట్లో ఎవరైనా అడుగుతారా అని కాచుక్కూచున్నవాణ్ని. ఇంకేముంది, మధ్యాహ్నం దాకా ఆయన బుర్ర తినేశాను. ఆ మాటల్నే కొంచెం సర్ది ఇక్కడ పెడుతున్నా.

ముందు ఆ చోటు ఎలా ఉంటుందో చెప్పాలి. అలాస్కా మ్యాపులో కెనడా పక్కనుంచి కిందికి వేలాడే తోకలాంటి భాగం ఉంటుంది, కెచికాన్ దాని చివర్లో ఉంటుంది. ఒకప్పుడు హిమానీనదాలు కొండల్ని కోసుకుంటూ పోయాయి, మంచు కరిగాక ఆ లోతైన లోయల్లోకి సముద్రం వచ్చి నిండింది. వాటినే ఫియర్డ్‌లు అంటారు. మిస్టీ ఫియర్డ్స్‌లో గ్రానైట్ గోడలు నీళ్లలోంచి దాదాపు నిటారుగా 3,000 అడుగుల దాకా లేస్తాయి. పాపికొండల లాంచీ ఎక్కినవాళ్లకి తెలుసు, ముందు దారి మూసుకుపోయినట్టు కనిపిస్తుంది, తీరా దగ్గరికి వెళ్తే గోదావరి పక్కకి తిరుగుతుంది. ఇక్కడా అంతే, కాకపోతే గోడలు ఇంకా ఎత్తు, ఇంకా నిటారు, పైగా కొన్ని పాయలు నిజంగానే మూసుకుపోతాయి. లాంచీ అయితే ఆగి వెనక్కి తిప్పుకోవచ్చు. విమానం ఆగదు.

ఇంత ప్రమాదమైన చోట ఎందుకు ఎగరడం అంటే, వేరే దారి లేదు కనక. కెచికాన్‌కి బయటి ఊళ్ల నుంచి రోడ్డు లేదు. అంతెందుకు, ఆ రాష్ట్ర రాజధాని జూనోకే రోడ్డు లేదు, ఓడలోనో విమానంలోనో వెళ్లాలి. దీవుల్లో ఉండే చిన్న ఊళ్లకి ఉత్తరాలు, మందులు, ఉల్లిపాయలు, జబ్బు చేసినవాళ్లు, చాలావరకు ఈ చిన్న విమానాల్లోనే. మనకి పల్లెవెలుగు బస్సు ఎలాగో వాళ్లకి ఇది అలాగ. ఎక్కువగా కనిపించే బీవర్ అనే విమానం 1947లో మొదటిసారి ఎగిరింది, తయారీ 1967లోనే ఆగిపోయింది, అయినా దాని 450 గుర్రాల ఇంజిన్ ఇప్పటికీ పొద్దున్నే దగ్గుతూ లేచి పనికి వెళ్తుంది.

సరే, నాన్న ప్రశ్న. పైకెక్కి దాటేస్తే పోలా?

మనం ఎక్కే పెద్ద విమానాల వల్ల మనకో అపోహ ఉంది, ముక్కు పైకెత్తితే చాలు విమానం రాకెట్‌లా లేస్తుందని. చిన్న విమానం అలా లేవదు. నేను నడిపే సెస్నా 172 నిమిషానికి 700 అడుగులు ఎక్కుతుందని పుస్తకంలో రాసి ఉంటుంది. పుస్తకంలోని విమానం కొత్తది, దాన్ని నడిపినవాడు కంపెనీ పైలట్. నలుగురం కూర్చుని, సామాను వేసుకుని, పాత ఇంజిన్‌తో బయల్దేరితే 500 వచ్చినా సంతోషమే. అలా ఎక్కేటప్పుడు వేగం సుమారు 75 నాట్లు (వరి నాట్లు కాదు, విమానాల వేగం కొలత, 75 అంటే గంటకు 140 కిలోమీటర్లు). అంటే 3,000 అడుగుల గోడ దాటడానికి ఆరు నిమిషాలు పడుతుంది, ఆ ఆరు నిమిషాల్లో విమానం 14 కిలోమీటర్లు ముందుకి పోతుంది. గోడ మనకి రెండు కిలోమీటర్ల దూరంలో ఉంది. ఇంక లెక్క మీరే చెయ్యండి.

కాబట్టి కొండ దాటాలంటే కొండ వైపు వెళ్తూ ఎక్కకూడదు. ముందే వెడల్పాటి నీళ్ల మీద గుండ్రంగా తిరుగుతూ, ఘాట్ రోడ్డు ఎక్కినట్టు ఎక్కి, కావాల్సిన ఎత్తు వచ్చాకే కొండ వైపు తిరగాలి. "మరి అలాగే ఎక్కమను" అన్నారు నాన్న. ఎక్కొచ్చు, మధ్యలో మబ్బు లేకపోతే.

మబ్బు కథ వేరే. పసిఫిక్ మీదుగా తడి గాలి వస్తుంది, వచ్చీ రాగానే ఈ కొండలకి కొట్టుకుంటుంది, పోవడానికి దారిలేక పైకి లేస్తుంది, లేస్తే చల్లబడుతుంది, చల్లబడితే అందులోని తేమ మబ్బవుతుంది. విశాఖలో ఏడాదికి సుమారు 1,000 మిల్లీమీటర్ల వాన పడితే కెచికాన్‌లో 3,500 దాటుతుంది. మబ్బు అడుగు ఎంత ఎత్తులో ఉంటుందో చెప్పడానికి పైలట్లందరికీ తెలిసిన చిట్కా ఒకటుంది, గాలి ఉష్ణోగ్రతకీ, మంచుబిందు ఉష్ణోగ్రతకీ (అంటే గాలి ఎంత చల్లబడితే తేమ నీటి బొట్లు అవుతుందో ఆ అంకె) మధ్య తేడా తీసుకుని, ప్రతి డిగ్రీకి 400 అడుగులు లెక్కవెయ్యడం. ఆ పొద్దున రేవులో ఫోన్ తీసి చూశాను, 14, 12. తేడా రెండు డిగ్రీలు. అంటే మబ్బు 800 అడుగుల దగ్గర మొదలు. కొండలు 3,000 అడుగులు.

పాడేరు దగ్గర వంజంగి ఎక్కి పొద్దున్నే కింద లోయ నిండా తెల్లటి మబ్బు చూసి వీడియోలు తీసుకుంటాం కదా. దాన్ని ఒక్కసారి కింద లోయలో ఉన్నవాడి వైపు నుంచి చూడండి. రెండు పక్కలా గోడలు, పైన మూత. మనకి అందమైన పాలసముద్రం, వాడికి మూతపెట్టిన గిన్నె. చిన్న విమానం పైలట్ ఆ గిన్నెలో, మూత కింద, నీళ్లకి పైన, మిగిలిన ఆ 800 అడుగుల సందులో ఎగరాలి. ఆ సందు ముందుకి వెళ్లేకొద్దీ సన్నబడొచ్చు. ఎందుకంటే మబ్బు అడుగు ఎక్కడా గీత గీసినట్టు ఉండదు, ఒక్కో పాయలో ఒక్కోలా దిగుతుంది, నేల ఏమో కనుమ వైపు లేస్తూ పోతుంది.

మబ్బులోకి దూరి పైకి తేలితే? రెండు గొడవలు. ఒకటి, జులై కాబట్టి సరే కానీ మిగతా కాలాల్లో ఆ మబ్బులో కొంచెం పైకెక్కగానే రెక్కల మీద మంచు పట్టడం మొదలవుతుంది. బరువు వల్ల పడిపోతుందనుకుంటారు చాలామంది, అసలు బాధ బరువు కాదు, రెక్క ఆకారం చెడిపోవడం. ఆ వంపు చెడితే రెక్క రెక్కలా పనిచెయ్యదు. చిన్న విమానాల్లో చాలావాటికి ఆ మంచు వదిలించుకునే ఏర్పాటు ఉండదు. రెండోది, పైకి తేలాక దిగాలి కదా. మళ్లీ అదే మబ్బులోంచి, కింద కొండ ఉందో నీళ్లున్నాయో తెలీకుండా.

ఇక్కడ నాన్న తిరుగులేని బాణం వేశారు. "జీపీఎస్ ఉందిగా మరి!"

ఉంది. నిజానికి జీపీఎస్ ఆధారంగా ఇరుకు లోయల్లో దిగే పద్ధతిని ఓ ఎయిర్‌లైన్స్ 1996లో మొదలుపెట్టింది జూనోలోనే, కొండల మధ్య సన్నటి జలమార్గం వెంబడి బోయింగ్‌ని మబ్బులోంచి సూదిలో దారం ఎక్కించినట్టు దింపుతారు. కానీ దానికి ఖరీదైన పరికరాలు కావాలి, ఇద్దరు పైలట్లు కావాలి, ముందే కొలిచి పెట్టిన దారి కావాలి, చివర్లో రన్‌వే కావాలి. ఏదో ఒక పాయలో నీళ్ల మీద దిగే బీవర్‌కి అలాంటి దారి ఎవరూ గీసి పెట్టలేదు. తెర మీద కొండ ఎక్కడుందో కనిపించడం వేరు, కిటికీలోంచి ఏమీ కనిపించనప్పుడు విమానాన్ని ఒరగకుండా తిన్నగా నిలపడం వేరు.

ఆ రెండోది ఎంత కష్టమో ఎగరని వాళ్లకి చెప్పడం కష్టం. మన చెవి లోపల ఉండే తూకం యంత్రం మెల్లగా తిరిగే మలుపుని పసిగట్టలేదు, మెల్లగా ఒరిగిపోతున్నా తిన్నగా ఉన్నామనే చెబుతుంది. 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో, పరికరాలు చూసి ఎగరడం రాని 20 మందికి బయట కనిపించకుండా చేసి, పక్కన శిక్షకుణ్ని పెట్టి ఎగరమన్నారు. ఇరవై మందీ అదుపు కోల్పోయారు, ఒక్కరు కూడా మిగల్లేదు, అందుకు పట్టిన సమయం సగటున 178 సెకన్లు. మూడు నిమిషాలు కూడా కాదు. నా శిక్షణలోనూ కళ్లకి అడ్డం పెట్టి పరికరాలు మాత్రమే చూడమనేవారు, నాకైతే మొదటి రోజు విమానం కుడికి ఒరిగిందని ఒళ్లంతా ఒట్టేసి చెబుతుంటే ఎదురుగా డయల్ మాత్రం ఎడమకి ఒరిగావంటోంది, ఏది నమ్మాలో తెలీక చొక్కా తడిసిపోయింది.

కొండ దగ్గరికొస్తే అరిచి చెప్పే హెచ్చరిక పరికరాలు కూడా ఉన్నాయి. దాని కథ మాత్రం కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే అది కెచికాన్‌లోనే జరిగింది.

2015 జూన్ 25న, మా లాగే ఓడ దిగిన ఎనిమిది మంది టూరిస్టులతో ఒక ఓటర్ విమానం (బీవర్‌కి పెద్దన్న) మిస్టీ ఫియర్డ్స్ చూపించి కెచికాన్‌కి తిరిగొస్తోంది. తిరిగి రావడానికి రెండు దారులు. నీళ్ల వెంబడి చుట్టూ తిరిగొచ్చే పొడుగు దారి, కొండల మీదుగా అడ్డంగా వచ్చే పొట్టి దారి. మబ్బు కిందికి దిగి ఉంది. పైలట్ పొట్టి దారి పట్టాడు. ఎల్లా లేక్ అనే చెరువు దగ్గర సుమారు 1,600 అడుగుల ఎత్తున విమానం కొండని గుద్దుకుంది, తొమ్మిది మందీ పోయారు. రెండేళ్లకి వచ్చిన జాతీయ రవాణా భద్రతా బోర్డు నివేదికలో ఇంజిన్ లోపం ఏమీ లేదు. ఉన్నదల్లా ఏమిటంటే, బయట కనిపించని వాతావరణంలోకి అలాగే ముందుకెళ్లాలన్న నిర్ణయం, ఆ నిర్ణయాన్ని మామూలు విషయంగా చూసే కంపెనీ వాతావరణం. ఆ పైలట్‌కి ఆ ప్రాంతం కొత్త, వచ్చి రెండు నెలలు కూడా కాలేదు.

హెచ్చరిక పరికరం ఆ విమానంలో ఉంది. దాని నోరు మూసే స్విచ్ వేసి ఉంది. నిర్లక్ష్యం అని తిట్టేసే ముందు ఒక్క మాట వినండి. ఆ పరికరం కొండకీ విమానానికీ మధ్య 700 అడుగులు ఉండాలని అనుకుని తయారైంది. అక్కడ టూర్ విమానాలు పగటిపూట 500 అడుగుల ఎత్తున ఎగరడానికి రూల్సే ఒప్పుకుంటాయి. అంటే అన్నీ సవ్యంగా ఉన్న రోజు కూడా అది అరుస్తూనే ఉంటుంది. అమెరికాలో అపార్ట్‌మెంట్‌లో ఉన్న తెలుగువాళ్లకి వివరించక్కర్లేదు, తాలింపు పెట్టిన ప్రతిసారీ మోగే స్మోక్ అలారానికి మనమేం చేస్తాం? బ్యాటరీ తీసి డ్రాయర్లో పడేస్తాం. అక్కడా జరిగింది అదే. నా దృష్టిలో తప్పు స్విచ్ వేసిన చేతిది ఎంతో, ఇరవైనాలుగు గంటలూ అరిచే అలారాన్ని అక్కడి పనికి పనికొచ్చేలా మార్చని వాళ్లది కూడా అంతే.

నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. కాఫీ తెచ్చుకున్నాం. తర్వాత ఆయనే అన్నారు, "ముందు కనపడకపోతే వెనక్కి తిరిగి వచ్చెయ్యొచ్చుగా, ఎందుకు పోవడం?"

అసలు ప్రశ్న అదే. ఇప్పటిదాకా చెప్పిన గాలీ మబ్బూ మంచూ అన్నీ చివరికి ఒక్కచోటే వచ్చి కలుస్తాయి, వెనక్కి తిరగడానికి చోటుందా లేదా అన్నదగ్గర. కొండల్లో కూలిన చిన్న విమానాల్లో చాలావాటికి ఆఖరి నిమిషం దాకా ఇంజిన్ బాగానే ఉంది, రెక్కలు బాగానే ఉన్నాయి. లేనిదల్లా చోటు.

కాగితం తీసి లెక్క వేసి చూపించాను. విమానం తిరిగే గుండ్రం ఎంత పెద్దదన్నది రెండిటి మీద ఆధారపడుతుంది, వేగం ఎంత, ఎంత ఒరిగావు. వేగం రెట్టింపైతే గుండ్రం నాలుగింతలవుతుంది. 90 నాట్ల వేగంతో 30 డిగ్రీలు ఒరిగి తిరిగితే వెనక్కి మళ్లడానికి సుమారు 760 మీటర్ల వెడల్పు కావాలి. లోయ వెడల్పు ఒక కిలోమీటరు అనుకోండి. చాలదా? చాలదు, మీరు లోయ మధ్యలో ఎగురుతుంటే. మధ్యలో ఉంటే మీకు ఏ పక్కకి తిరిగినా ఉన్నది 500 మీటర్లే. అదే ఒక పక్క గోడని ఆనుకుని వెళ్తుంటే రెండో పక్కన దాదాపు 900 మీటర్లు ఖాళీ. లోయ అదే, విమానం అదే, ఒకడు ఇంటికెళ్తాడు, ఒకడు వెళ్లడు. చూడ్డానికి మధ్యలో వెళ్లడమే క్షేమం అనిపిస్తుంది, రెండు గోడలకీ దూరంగా ఉన్నాం కదా అని. కొత్తగా నేర్చుకునే ప్రతివాడూ చేసే తప్పు ఇది, నేనూ చేశాను.

ఏ పక్క గోడని ఆనుకోవాలన్నదాంట్లోనూ కిటుకు ఉంది. గాలి ఎడమ నుంచి కుడికి వీస్తుంటే కుడి గోడ పక్కన ఉండాలి. గాలి ఆ గోడకి తగిలి పైకి లేస్తుంది కాబట్టి ఊరికే ఎత్తు దొరుకుతుంది. పైగా వెనక్కి తిరగాల్సి వస్తే ఎడమకి, అంటే గాలికి ఎదురుగా తిరుగుతాం, నేల మీద లెక్కేస్తే గుండ్రం చిన్నదవుతుంది. అటు పక్క గోడని పట్టుకున్నవాడికి ఇవి రెండూ తలకిందులు, కిందికి నెట్టే గాలిలో ఉంటాడు, తిరిగితే గాలి వాణ్ని ఎదురు గోడ మీదికి తోస్తుంది.

ఇక వేగం. 90 నుంచి 70 నాట్లకి తగ్గిస్తే అదే ఒరుగుకి 460 మీటర్లు చాలు. ఇంకా ఒరిగి 45 డిగ్రీలకి వెళ్తే 265. అయితే ఎప్పుడూ అలాగే తిరగొచ్చుగా అంటే, ఒరిగేకొద్దీ రెక్క మీద బరువు పెరుగుతుంది, 45 డిగ్రీల దగ్గర విమానం తన బరువుకి 1.4 రెట్లు ఉన్నట్టు లెక్క. దాంతో స్టాల్ అయ్యే వేగం, అంటే దానికన్నా తగ్గితే రెక్క మొయ్యనని చేతులెత్తేసే వేగం, దాదాపు 19 శాతం పెరుగుతుంది. ఒక పక్క మన వేగం తగ్గిస్తున్నాం, ఇంకో పక్క ఆ కనీస వేగం పైకి వస్తోంది, రెండూ కలిస్తే అంతే. మా శిక్షకుడు దీన్ని కాస్కేడ్స్ కొండల అంచున, కింద బోలెడంత ఖాళీ ఉన్నచోట, ఊహా గోడలు చూపించి చేయించేవాడు. థ్రాటిల్ తగ్గించు, కొంచెం ఫ్లాప్స్, గోడ వైపు జరుగు, ఇప్పుడు తిరుగు, పవర్, పవర్! కిటికీ నిండా చెట్లు నిలువుగా తిరుగుతాయి, నీ చెయ్యి నీకు తెలీకుండానే కంట్రోల్‌ని వెనక్కి లాగేస్తూ ఉంటుంది, స్టాల్ హెచ్చరిక పీక నొక్కిన సన్నాయిలా మోగడం మొదలెడుతుంది. ఖాళీ ఆకాశంలోనే అంత టెన్షన్ అయితే నిజం గోడల మధ్య, వానలో, వెనక టూరిస్టులు అరుస్తుంటే ఎలా ఉంటుందో. అందుకే ఆ మలుపు నేర్పేవాళ్లంతా, దాన్ని వాడే అవసరం వచ్చిందంటే అంతకు ఐదు నిమిషాల ముందే తప్పు జరిగిపోయిందని చెబుతారు.

"ఇవాళ గాలి లేదుగా" అని నాన్న మధ్యలో అడ్డు తగిలారు. రేవు దగ్గర లేదు నిజమే, కానీ రేవు దగ్గర లేదంటే శిఖరం దగ్గర లేదని కాదు. ఏట్లో బండరాయి మీద నుంచి నీళ్లు ఎలా పోతాయో గాలి కొండ మీద నుంచి అలా పోతుంది. ఎదురు పక్క ఎక్కుతుంది, శిఖరం దాటగానే రాయి వెనక నీళ్లలాగే కిందికి దూకుతుంది, సుడులు తిరుగుతుంది. శిఖరం దగ్గర గాలి 20, 25 నాట్లు దాటిందంటే చిన్న విమానాల వాళ్లు ఇవాళ వద్దులే అనుకోవడం మంచిదని చెబుతారు. నిమిషానికి 500 అడుగులు ఎక్కే విమానాన్ని 1,000 అడుగుల చొప్పున కిందికి తోసే గాలి పట్టుకుంటే, ముక్కు పైకే ఉంటుంది, ఇంజిన్ గొంతు చించుకుంటూనే ఉంటుంది, విమానం మాత్రం దిగుతూనే ఉంటుంది. అందుకే శిఖరాన్ని ఎప్పుడూ తిన్నగా ఎదురెళ్లి దాటరు, ఏటవాలుగా, 45 డిగ్రీల కోణంలో సమీపిస్తారు. దిగిపోతున్నామని తెలిసిన క్షణాన పూర్తిగా వెనక్కి తిరగక్కర్లేదు, సగం తిరిగితే చాలు లోయ వైపుకి జారిపోవచ్చు. మళ్లీ అదే చోటు లెక్క.

తెలుగువాళ్లకి ఈ మాటలు వింటే నల్లమల గుర్తు రాక మానదు. 2009 సెప్టెంబరు 2న వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేట నుంచి చిత్తూరు జిల్లాకి బయల్దేరిన బెల్ 430 హెలికాప్టర్ ఆ కొండల్లోనే కూలింది, ఐదుగురు పోయారు, ఎక్కడుందో తెలియడానికి మర్నాటి దాకా పట్టింది. విచారణ నివేదికలో ఈ కిందికి తోసే గాలి మాట ఉంది. అది వాన మేఘం తోసిన గాలి, కొండ దాటి దూకిన గాలి కాదు, అదీగాక హెలికాప్టర్ లెక్కలు వేరు. కానీ మబ్బు, కొండ, కిందికి గాలి, ఈ మూడూ ఒకచోట చేరితే పెద్ద మనిషా చిన్న మనిషా అని చూడవు. అలాస్కాలోనూ అంతే, 1972 అక్టోబరు 16న అమెరికా ప్రతినిధుల సభలో మెజారిటీ నాయకుడు హేల్ బాగ్స్, అలాస్కా ప్రతినిధి నిక్ బెగిచ్ ఇద్దరూ ఎక్కిన సెస్నా 310 యాంకరేజ్ నుంచి జూనోకి బయల్దేరింది, అది రెండింజిన్ల విమానం. 39 రోజులు వెతికారు. ఇప్పటికీ దొరకలేదు. జూనోలో అయితే చలికాలంలో టాకు గాలి అని ఒకటి కొండ దిగి ఊరి మీద పడుతుంది, గంటకు 160 కిలోమీటర్లు దాటిన రోజులున్నాయి, ఆ గాలిని కొలవడానికే విమానాశ్రయం చుట్టూ కొండల మీద పరికరాలు పెట్టుకున్నారు.

అన్నీ బాగున్నా ఇంకొకటి ఉంది, ఇరుకు. అందరూ అదే జలపాతం దగ్గరికి, అదే సమయానికి, అదే ఓడ కోసం తిరిగొస్తారు. 2019 మే 13న స్పష్టంగా కనిపించే పగటిపూటే కెచికాన్ దగ్గర రెండు టూర్ విమానాలు గాల్లో గుద్దుకున్నాయి, పదహారు మందిలో ఆరుగురు పోయారు. ఓడ బయల్దేరే టైము ఎవరి కోసమూ ఆగదు, ఆ తొందర రేవులో టికెట్లు అమ్మే బల్ల దగ్గర మొదలై పైలట్ చేతిదాకా వస్తుంది. పొద్దున నాన్న మొహం చిట్లించారు చూడండి, అలాంటి మొహాలు రోజుకి యాభై చూసి కూడా ఎగరం అని చెప్పాలి ఆ అమ్మాయి.

రెండింటికి మబ్బు లేచింది, మమ్మల్ని పిలిచారు. నాన్నకి ముందు సీటు దొరికింది. వెళ్లేటప్పుడు మొత్తం నీళ్ల వెంబడే, పొడుగు దారి. ఫియర్డ్‌లోకి మలుపు తిరగ్గానే పైలట్ కుడి గోడ పక్కకి జరిపింది, ఎంత దగ్గరంటే దేవదారు చెట్ల కొమ్మల మీది నాచు కనిపించేంత. అమ్మ కళ్లు మూసుకుంది. నాన్న వెనక్కి తిరిగి నాకేసి చూసి, ఎడమ చేత్తో ఖాళీగా ఉన్న పక్కని చూపించి తలూపారు. ఒకచోట పక్క పాయ లోపల కొండ అడుగు తెల్లగా మసకబారి ఉంది, బ్రోషర్లో ఉన్న చెరువు ఆ లోపలే. అమ్మాయి పాయ నోటి దాకా కూడా వెళ్లలేదు, నెమ్మదిగా ఎడమకి తిప్పేసింది.

దిగే చోట నీళ్లు అద్దంలా ఉన్నాయి. టూరిస్టులంతా ఫొటోలు తీస్తున్నారు కానీ నీళ్ల విమానాల వాళ్లకి అదే పెద్ద తలనొప్పి, అల లేకపోతే నీళ్లు పది అడుగుల కిందున్నాయో యాభై అడుగుల కిందున్నాయో కంటికి తెలీదు. ఆమె ఒడ్డు పక్కగా, చెట్లని చూసుకుంటూ, దిగుతున్నామని తెలీనంత మెల్లగా దించింది. తగిలినప్పుడు చాప చింపినట్టు ఓ చప్పుడు, అంతే.

విశాఖ తిరిగెళ్లాక నాన్నకి ఒక లింకు పంపాను. అమెరికా విమానయాన శాఖ 1999 నుంచి అలాస్కా కనుమల్లో కెమెరాలు పెట్టుకుంటూ వచ్చింది, ఇప్పుడు రెండొందల పైచిలుకు చోట్ల ఉన్నాయి, ఎవరైనా చూడొచ్చు. ఇప్పటి ఫొటో పక్కనే ఆకాశం శుభ్రంగా ఉన్న రోజు ఫొటో, అందులో ఏ కొండ ఎంత ఎత్తో రాసి ఉంటుంది. రెండూ పోల్చుకుంటే మబ్బు ఎంత ఎత్తులో ఉందో ఇంట్లో కూర్చునే చెప్పొచ్చు. విశాఖలో రాత్రి భోజనాలయ్యే వేళకి అలాస్కాలో పొద్దు. నిన్న పదిన్నరకి వాట్సాప్‌లో స్క్రీన్‌షాట్ వచ్చింది, బూడిద రంగు తప్ప ఏమీ లేదు, కింద ఒక్క లైను: "రెండో కొండ కనపట్లేదురా. ఇవాళ మీ అమ్మాయి ఎగరదు."